కొర్రీ గారి డాబా మీద ఎండ

హెడ్ గుమస్తాగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి దిగిపోయిన ఆ పెద్దమనిషికి వీధిలో రెండు పేర్లుండేవి. ఎదురుపడితే 'హెడ్ గారూ' అనేవాళ్లు. నాలుగడుగులు దాటాక 'కొర్రీ' అనేవాళ్లు. ఆఫీసు గడప తొక్కని అదృష్టవంతులెవరైనా ఉంటే వాళ్ల కోసం చెప్పాలి: ఫైలును ముందుకు కదలనివ్వకుండా, ఇందులో ఫలానా లోపం ఉంది అని ఒక ముక్క రాసి తిప్పి పంపడాన్ని కొర్రీ వెయ్యడం అంటారు. ఈయన వేసిన కొర్రీలన్నీ కట్టలు కట్టి పేరిస్తే ఆయన పనిచేసిన ఆఫీసు కన్నా ఎత్తు లేస్తాయి. సంతకం గడి దాటితే కొర్రీ. దాటకూడదని భయపడి ఇరుకిరుగ్గా పెడితే, 'అర్జీదారు స్వేచ్ఛగా సంతకం చేసినట్లు కనబడదు' అని ఇంకో కొర్రీ.

అలాగని లంచం కోసం వేశాడంటే కళ్లు పోతాయి. సర్వీసు మొత్తంలో పరాయివాడి టీ నీళ్లు తాగి ఎరగడు. జనానికి వచ్చిన చిక్కే అది. "తినేవాడైతే తినిపించి పని చేయించుకుందుము. ఈయన తినడు, చెయ్యడు" అని తలలు పట్టుకునేవాళ్లు. ఆయన మాత్రం తన నిజాయితీని ఇస్త్రీ చొక్కాలా ఎక్కడా నలగనివ్వకుండా మోసుకొచ్చి, రిటైరై ఇంట్లో కూర్చున్నాడు.

ఇంట్లో భార్య బట్టలు కుడుతుంది. ముందు గదిలో రెండు మోటారు మిషన్లు, ఒక బరువైన ఇస్త్రీ పెట్టె. స్కూళ్లు తెరిచే రోజులొస్తే పొద్దుట ఆరింటికి మొదలైన మిషను మోత రాత్రి అన్నాల దాకా ఆగదు. కరెంటు బిల్లు వచ్చిన రోజున మాత్రం ఆవిడ మిషను ఆపి, బిల్లు చదివి, నిట్టూర్చి, గుండుసూదుల దిండుకు దాన్ని గుచ్చేది.

"బేకరీ ఆయన డాబా మీద సోలార్ పలకలు వేయించాడండీ," అంది ఒకరోజు. "ఖర్చులో మూడో వంతు ప్రభుత్వమే సబ్సిడీగా వెనక్కిస్తుందట. మిగతాదానికి బ్యాంకు తక్కువ వడ్డీకి లోను ఇస్తుందట. ఓవెన్లు నడిపే ఆయనకే బిల్లు సగానికి సగం తగ్గింది. మనం మాత్రం డాబా మీద పడే ఎండని ఊరికే పారబోసుకుంటున్నాం."

"అర్జీ పెడదాం. అదెంత?" అన్నాడు హెడ్ గారు.

ఆ 'అదెంత' అన్న మాటలో ముప్ఫై ఒక్క ఏళ్ల ధీమా ఉంది.

మర్నాడు పలకల కాంట్రాక్టరు వచ్చాడు. నవ్వు మొహం, చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు. డాబా కొలిచి, దక్షిణం ఎటో చూసుకుని, కిందికి దిగి, "కాగితాల గొడవ మీరు మర్చిపోండి సార్. గుర్తింపు కార్డులు నాలుగు ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు.

"ఏం చూసుకుంటావు?"

"అదే సార్, అర్జీ, అనుమతులు, బ్యాంకు... చిన్న ఖర్చు ఉంటుంది, మరీ ఎక్కువేం కాదు."

హెడ్ గారి మొహం ఎర్రబడింది. "చేపపిల్లకి ఈత నేర్పుతావుటయ్యా? కాగితం నా పని. పలకలు బిగించడం నీ పని. పిలిచినప్పుడు రా."

కాంట్రాక్టరు నొచ్చుకోలేదు. గేటు దాకా వెళ్లి, ఆవిడ వైపు చూసి, "నా నంబరు దగ్గర పెట్టుకోండమ్మా," అని మెల్లగా చెప్పి పోయాడు.

పథకం నిబంధనలు నలభై ఆరు పేజీలున్నాయి. వాటిని హెడ్ గారు నవల చదివినట్టు చదివాడు. పదమూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగి "ఆహా!" అన్నాడు. ఏమిటని భార్య అడిగితే, "ఎవడు రాశాడో గాని, ఎటు లాగినా ఊడదు," అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ. వారం రోజులు కూర్చుని ఫైలు తయారుచేశాడు. ముందు విషయసూచిక, ప్రతి కాగితానికీ అంకె, మూలన ఆకుపచ్చ దారం ముడి. భార్య కుట్టిన ఏ చొక్కాకీ అంత ముచ్చటైన కాజా లేదు.

ఆ ఫైలు చంకన పెట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళితే, సోలార్ అర్జీల బల్ల వెనక కూర్చున్నవాడు ఎగిరి లేచాడు.

"గురువుగారూ!"

ఒకప్పుడు హెడ్ గారి దగ్గర పని నేర్చుకుని, పరీక్ష రాసి ఈ ఆఫీసులో చేరినవాడు. అప్పట్లో సన్నగా ఉండేవాడు. ఇప్పుడు కుర్చీ నిండా ఉన్నాడు. పక్క బల్ల దగ్గర్నుంచి ఇంకో కుర్చీ లాక్కొచ్చి వేశాడు. టీ తెప్పించాడు. హెడ్ గారు అలవాటు కొద్దీ టీ ముట్టుకోకుండా, "నా శిష్యుడు" అని వరసలో నిలబడ్డవాళ్లందరికీ వినబడేలా అన్నాడు.

శిష్యుడు ఫైలు విప్పి మురిసిపోయాడు. "దీన్ని మా ఆఫీసులో అందరికీ చూపించాలండీ. ఈ రోజుల్లో ఇలా కట్టేవాళ్లెవరు?" ఒక్కో పేజీ తిప్పుతూ పోయాడు. తొమ్మిదో పేజీ దగ్గర వేలు ఆగింది. ఆ వేలు ఎలా ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో హెడ్ గారికి బాగా తెలుసు. వాడికి నేర్పింది తనే.

"మీటరు ఎవరి పేరున ఉందండీ?"

"మా నాన్నగారి పేరున."

"వారు..."

"పోయి పద్నాలుగేళ్లయింది."

"అర్జీలో సంతకం మీదుందండీ."

"ఆయన చేత పెట్టించుకు రమ్మంటావా?"

శిష్యుడు నవ్వలేదు. "అలా అనలేదండీ. మీటరు మీ పేరుకి మారాలి. మారాలంటే మిగతా వారసులు తమకి అభ్యంతరం లేదని రాసివ్వాలి. డాబా వాడుకోవడానికి కూడా వాళ్ల సంతకం కావాలి. ఎందరండీ వారసులు?"

"నేనూ, మా తమ్ముడూ. వాడు మేడ మీదే ఉంటాడు."

"ఇంకేం మరి! మెట్లెక్కితే సంతకం."

హెడ్ గారు గొంతు తగ్గించాడు. జీవితంలో ఎప్పుడూ అనని మాట ఒకటి నాలుక మీదికి వచ్చింది. "నన్ను ఎరుగుదువు కదయ్యా. ఈ ఒక్కటీ చూసీ చూడనట్టు..."

"ఎరుగుదును కాబట్టేనండీ." శిష్యుడు తన బల్ల మీది గాజు పలక కింద ఉన్న కాగితం చూపించాడు. "'ఫైలు చూసేటప్పుడు మొహం చూడకూడదు. మొహం చూస్తే సంతకం వంకరపోతుంది.' మీరు చెప్పిన మాటే. రోజూ చదువుకుంటాను."

కాగితం మీద ఆ మాట, కింద హెడ్ గారి హోదా, తేదీ అన్నీ ఉన్నాయి. కొర్రీ వేద్దామన్నా లోపం లేదు.

ఇంటికొచ్చి చెబితే భార్య మిషను ఆపకుండానే, "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? ఇన్నాళ్లూ మనమే పూజారులం. ఇవాళ అవతల నిలబడ్డాం," అంది. తర్వాత మిషను ఆపి, "మరిదిగారిని అడగండి," అంది.

అడగడం అంత తేలికైతే ఈ కథే లేదు. అన్నదమ్ములు మాట్లాడుకుని పదకొండేళ్లయింది.

తమ్ముడు దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. తండ్రి పోయాక అన్న కింద ఉన్నాడు, తమ్ముడు పైన రెండు గదులు కట్టుకుందామని మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. ఆ అర్జీ తిరిగి తిరిగి అన్న బల్ల మీదికే వచ్చింది. ఇంకొకరైతే తమ్ముడి కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం గీకేవాళ్లు. ఈయన టేపు తెచ్చి తన ఇంటి మెట్లే కొలిచాడు. ప్లానులో చూపిన దానికన్నా వెడల్పు మూడంగుళాలు తగ్గింది. కొర్రీ రాశాడు. ఆ కొర్రీ సరయ్యేసరికి రెండు వానాకాలాలు దాటాయి. అన్నాళ్లూ తమ్ముడు చంటిపిల్లని పెట్టుకుని ఊరి చివర రేకుల గదిలో ఉన్నాడు. పైకి వచ్చి చేరిన రోజు నుంచి అన్నతో మాట బంద్.

మాట బందయింది మగవాళ్లకే. తోడికోడళ్లిద్దరూ మెట్ల మధ్య మలుపులో కూర్చుని రోజూ సాయంత్రం లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు.

అందుకని హెడ్ గారు ఉత్తరం రాశాడు. 'నిరభ్యంతర పత్రం కోరుతూ అర్జీ' అని పైన గీత గీసి, మూడు పేరాల్లో విషయం చెప్పి, భార్య చేతికిచ్చాడు. ఆవిడ మలుపు దాకా మోసింది. అక్కడ్నుంచి తోడికోడలు పైకి మోసింది.

గంటలో జవాబు వచ్చింది. తమ్ముడి చేతిరాత ఎలాంటిదో ఊళ్లో సగం బోర్డులు చెబుతాయి. ముత్యాల్లాంటి ఎర్రటి అక్షరాలతో ఇలా ఉంది:

'అర్జీ చూడబడినది. అర్జీదారు తన పేరు రాసియున్నాడు గాని, నాకు ఏమవుతాడో రాయలేదు. సరిచేసి మరల పంపవలెను.'

భార్య పెదవి కొరుక్కుంది. హెడ్ గారు గుడ్లురిమాడు గాని, లోపం లోపమే. ఎదుటివాడి కొర్రీలో న్యాయముంటే ఒప్పుకోవడం ఆయనకు వృత్తిధర్మం. 'అన్నయ్య' అని చేర్చి పంపాడు.

రెండో జవాబు: 'అన్నయ్య అని రాసియున్నది. రుజువు జతపరచలేదు.'

ఈసారి తోడికోడళ్ల నవ్వు మెట్ల మీద నుంచి వినిపించింది. ఉత్తరం కింది దాకా రాకముందే వాళ్లు చదివేస్తున్నారని ఆయనకి అర్థమైంది. బీరువా అడుగు నుంచి తండ్రి పోయినప్పుడు తీసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వెదికి తీసి, నకలు జతచేసి పంపాడు.

మూడో జవాబు రెండు రోజులకి వచ్చింది: 'ధ్రువపత్రం పద్నాలుగేళ్ల నాటిది. ఆరు నెలలు దాటినవి చెల్లవు. కావున అర్జీదారు స్వయంగా హాజరు కావలెను.'

హెడ్ గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. వాక్యం తనదే. అక్షరం పొల్లుపోకుండా, 'కావున' దగ్గర్నుంచి 'కావలెను' దాకా తనదే. తమ్ముడు దాన్ని పదకొండేళ్లు కంఠతా పెట్టుకున్నాడన్నమాట.

"వెళ్లి రండి. మెట్లు ఇరుకు, జాగ్రత్త," అంది భార్య. ఎగతాళో ప్రేమో తేల్చుకోలేక ఆయన చొక్కా తొడుక్కుని పైకెక్కాడు.

పైన వరండాలో తమ్ముడు పళ్ల డాక్టరు బోర్డు రాస్తున్నాడు. వెనక్కి తిరగకుండానే, "కూర్చో," అన్నాడు. పదకొండేళ్లలో మొదటి మాట అది. కూర్చోడానికి బోర్లించిన రంగు డబ్బా తప్ప ఏమీ లేదు. హెడ్ గారు దాని మీదే కూర్చున్నాడు. తమ్ముడు 'ప' పూర్తిచేశాడు. కుంచె కడిగాడు. 'ళ్ల' మొదలుపెట్టాడు. ఒత్తు దగ్గర ఊపిరి బిగపట్టి వంపు తిప్పాడు. అరగంట గడిచింది.

"ఇంకా ఎంతసేపురా?"

"నేనూ ఇలాగే అడిగాను. 'మీ వంతు వచ్చినప్పుడు పిలుస్తారు' అన్నావు. గుర్తుందా?"

"మీ వంతు అన్నానా? నిన్నా?"

"అన్నయ్యా అని పిలిస్తే, 'ఆఫీసులో సార్ అనాలి' అని కూడా అన్నావు."

హెడ్ గారికి గుర్తులేదు. గుర్తులేకపోవడమే ఆయనకి ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

తమ్ముడు కుంచె పక్కన పెట్టి ఇటు తిరిగాడు. చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఒకే కప్పు కింద ఉంటూ ఆయన అది గమనించనే లేదు.

"మెట్లు మూడంగుళాలు తగ్గాయని రాశావు. ఇప్పుడు వాటి మీదే ఎక్కి వచ్చావు. ఎక్కడైనా ఇరుక్కున్నావా?"

"లేదు."

"మరి ఎందుకు రాశావు?"

"తమ్ముడి ఫైలు కదా, వదిలేశాడని నలుగురూ అంటారేమోనని. మిగతావాళ్లవి ఒకసారి కొలిస్తే నీది మూడుసార్లు కొలిచాను."

"అందుకని మమ్మల్ని రేకుల కింద కూర్చోబెట్టావు. వాన పడితే పిల్లని బల్ల ఎక్కించి, దాని మీద గొడుగు పట్టేవాళ్లం. నీ పేరు తడవలేదు. మేం తడిశాం."

హెడ్ గారు నోరు తెరిచాడు. నిబంధన అంకె, ఉపనిబంధన అంకె రెండూ నాలుక చివరికి వచ్చాయి. వాటిని మింగేసి, "తప్పు నాదేరా," అన్నాడు.

తమ్ముడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఆ ముక్క రాసిస్తావా?"

"కాగితం ఇవ్వు."

నిజంగానే చెయ్యి చాచేసరికి తమ్ముడికి ఏం చెయ్యాలో తోచలేదు. గోడ వైపు చూసి, "వద్దులే. నోటి మాట చాలు," అన్నాడు. లోపలికి వెళ్లి సంతకం చేసిన పత్రం తెచ్చాడు. తారీఖు చూస్తే మొదటి ఉత్తరం వచ్చిన రోజుదే. ముందే పెట్టి ఉంచుకున్నాడు. "కానీ పైకి కూడా తీగ లాగాలి. రంగు కొట్టే మిషను కరెంటు తాగేస్తోంది."

"సగం నీది."

"సగమని ఎక్కడ రాశావు?" అని తమ్ముడు అనేసి, పళ్ల డాక్టరు వైపు తిరిగిపోయాడు.

మీటరు పేరు మారింది. ఇక లోను రావడమే తరువాయి అనుకుని హెడ్ గారు బ్యాంకుకి వెళ్లాడు. మేనేజరమ్మ మర్యాదస్తురాలు. కంప్యూటరులో అర్జీ తెరిచి, "కరెంటు ఆఫీసు అనుమతి సంఖ్య చెప్పండి," అంది. కరెంటు ఆఫీసుకు వెళితే శిష్యుడు కుర్చీ వేసి, టీ తెప్పించి, "లోను మంజూరు సంఖ్య చెప్పండి గురువుగారూ," అన్నాడు.

"అది రావాలంటే నీ అనుమతి కావాలటయ్యా."

"నా అనుమతి రావాలంటే అది కావాలండీ."

"రెండూ ఒకదాని కోసం ఒకటి కాచుక్కూర్చుంటే?"

"నాకూ ఆ సందేహం ఉందండీ. పైకి రాశాను. మీ సందేహానికి సంబంధించిన నిబంధన పేర్కొనలేదని తిప్పి పంపారు."

మూడుసార్లు బ్యాంకుకి, నాలుగుసార్లు కరెంటు ఆఫీసుకి తిరిగాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో మోకాళ్లు చెప్పాయి. నాలుగోసారి బ్యాంకుకి వెళ్లినప్పుడు మేనేజరమ్మ తలుపు దగ్గరగా వేసి, "మీతో చెప్పకూడదు గానీ, మా ఇంటి అర్జీ కూడా అక్కడే ఆగిందండీ. ఎనిమిది నెలలయింది. మీకేమైనా దారి దొరికితే నాకూ చెప్పండి," అంది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి కాంట్రాక్టరు ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. నంబరు ఎవరు తిప్పారో అడగనక్కర్లేకపోయింది. భార్య తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది, అప్పటికే దారం ఉన్న సూదిలో.

కాంట్రాక్టరు ఫోన్‌లో అర్జీ తెరిచి చూపించాడు. "ఎక్కడ ఆగింది సార్? ఈ గడి దగ్గరేనా? మంజూరు సంఖ్య?"

"ఆ."

"ఏదో ఒకటి కొట్టండి."

"ఏదో ఒకటా? సంఖ్య లేనిదే!"

"గడి ఖాళీగా ఉంటే ఆగుతుంది సార్. నిండితే పోతుంది. అందులో ఏముందో కంప్యూటరు చూడదు, ఉందా లేదా అనే చూస్తుంది. నేనైతే చుక్క పెడతాను."

"చుక్క?"

"ఒక్క చుక్క. ఊళ్లో వెలుగుతున్న పలకలన్నీ చుక్క మీదే వెలుగుతున్నాయి. బేకరీ ఆయనది కూడా."

హెడ్ గారు లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. "ఎవరైనా చూస్తే?"

"చూసేవాళ్లే ఉంటే మీకు ఈ తిప్పలెందుకు సార్?"

కాంట్రాక్టరు తనే పెట్టబోతుంటే హెడ్ గారు చెయ్యి అడ్డం పెట్టాడు. "అర్జీ నాది. తప్పైతే నాదే కావాలి," అని ఫోను తీసుకుని, కళ్లజోడు సరిచేసుకుని, వేలు గాల్లో నిలబెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన ఇలాంటి చుక్కలు ఎన్నింటిని పట్టుకున్నాడో లెక్కలేదు. పట్టుబడ్డవాళ్లంతా ఆ క్షణాన వరసగా కళ్ల ముందు నిలబడ్డారు. వాళ్ల వెనక వరస ఇంకా చాలా పొడుగుంది. వాళ్లు చుక్క పెట్టడం తెలియక తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్లు.

"మిషను మీద గుడ్డ ఉందండీ. పెడతారా, నన్ను పెట్టమంటారా?" అంది భార్య.

పెట్టాడు. అర్జీ పచ్చరంగులోకి మారి జారిపోయింది.

నాలుగో రోజున అనుమతి వచ్చింది. ఆరో రోజున లోను మంజూరైంది. పదో రోజున ఆయన బ్యాంకుకి వెళ్లి మేనేజరమ్మకి చెవిలో ఒక మాట చెప్పి వచ్చాడు. సర్వీసులో ఎవరికీ చెయ్యని ఉపకారం అది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పలకలు ఎక్కాయి. నల్లగా, నిగనిగలాడుతూ ఎనిమిది. తీగ కిందికీ వచ్చింది, పైకీ వెళ్లింది. సబ్సిడీ రావాలంటే చివరిగా ఒక ఫోటో పంపాలి: యజమానులందరూ పలకల పక్కన నిలబడి ఉండాలి. అన్నదమ్ములిద్దరూ పలకలకు చెరో వైపు కొయ్యబారిపోయి నిలబడితే కాంట్రాక్టరు ఫోటో తీశాడు. ఇరవై రోజులకు శిష్యుడు ఫోను చేశాడు.

"గురువుగారూ, ఫోటో తిరిగొచ్చిందండీ. పలకల మీద నీడ పడుతోందట. నీడ పడే చోటికి సబ్సిడీ లేదు."

"నీడా? చుట్టుపక్కల చెట్టు కూడా లేదే!"

"నీడ మీదేనండీ. మీదీ, మీ తమ్ముడుగారిదీ."

"మమ్మల్ని పక్కన నిలబడమన్నది మీరే కదయ్యా!"

"నిలబడమన్నామండీ. నీడ పడమనలేదు."

ఒకప్పుడైతే ఆ వాక్యాన్ని హెడ్ గారు చప్పరించి చప్పరించి మెచ్చుకునేవాడు. ఇప్పుడు ఫోను పెట్టేసి, మెట్ల దగ్గరికి వెళ్లి, "ఒరేయ్!" అని కేకేశాడు. పైనుంచి తల ఒకటి తొంగిచూసింది. సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకి, నీడలు కాళ్ల కిందికి పోయిన వేళ, అన్నదమ్ములిద్దరూ మాడు పగిలే ఎండలో మళ్లీ నిలబడ్డారు. కాళ్లు కాలి గెంతుతుంటే భార్యలు రెండు జతల చెప్పులు విసిరారు. అవి కూడా ఫోటోలో పడ్డాయి గాని, చెప్పుల గురించి నిబంధనల్లో ఏమీ లేదు కాబట్టి సబ్సిడీ మంజూరై, రెండు నెలలకు ఖాతాలో పడింది.

రెండో ఫోటో తీసిన నెలాఖరున, కొత్త మీటరు బిగించాక మొదటిసారిగా, మీటరు చదివే ఆయన వచ్చాడు. నడుముకి చీటీలు కొట్టే మిషను కట్టుకుని, గోడకున్న కొత్త మీటరు ముందు నిలబడి, దాన్ని కుడి నుంచీ ఎడమ నుంచీ చూశాడు. వంగి చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఏమయ్యా, ఎంత వచ్చింది?" అన్నాడు హెడ్ గారు. తమ్ముడు చేతికి రంగుతో కిందికి దిగాడు. తోడికోడళ్లు కుట్టు గది గుమ్మంలో నిలబడ్డారు. వాడుకున్నదాని కన్నా డాబా ఇచ్చిందే ఎక్కువని అందరికీ తెలుసు. కాగితం మీద చూసుకోవాలని ఆత్రం.

"మీరే వెనక్కి ఇచ్చారండీ, అరవై యూనిట్లు. మైనస్ అరవై."

"అయితే అదే కొట్టు."

"మిషన్లో మైనస్ మీట లేదండీ." నిజమే, లేదు, అతను చూపించాడు. "ఇలాంటి ఇళ్లకి మేం 'తలుపు తాళం' అని కొడుతున్నాం. అలా కొడితేనే చీటీ వస్తుంది. లెక్క ఆఫీసులో వాళ్లు తర్వాత సరిచేస్తారు."

"ఇంట్లో నలుగురం నిలబడి ఉన్నాం కదయ్యా నీ ఎదురుగా!"

"ఉన్నారండీ. కాదనను. మిషనుకి మీరు కనబడరు."

భార్య నిట్టూర్చింది. ఇక అర్జీ, ఆ అర్జీకి నకలు, నకలుకి రసీదు, ఇదంతా ఇంకో ఆర్నెల్ల వరస అనుకుంది. హెడ్ గారు మీటరు చదివే ఆయన మొహంలోకి చూశాడు. ఎండన పడి వచ్చినవాడు, మెడ చుట్టూ తువ్వాలు, ఇంకా తిరగాల్సిన ఇళ్ల చీటీ చేతిలో. ఫైలు లేదు కాబట్టి మొహమే చూశాడు.

"ఆగు," అన్నాడు. "ఉన్న ఇంట్లో లేమని రాయించుకోను. అబద్ధం నా గుమ్మం మీంచి వెళ్లకూడదు. ఇంట్లో తాళం ఉందా?"

తాళం లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు మిషను మీద కూర్చుని ఉండే ఇంటికి తాళంతో పనేముంది? తమ్ముడు పైకి పరుగెత్తి, రంగు డబ్బాల గదికి వేసే తాళం తెచ్చాడు. ఆడవాళ్లిద్దర్నీ బయటికి రమ్మన్నారు. "చొక్కా మీద ఇస్త్రీ పెట్టె ఉందండీ, త్వరగా కానివ్వండి," అంటూ భార్య బయటికి వచ్చింది. తమ్ముడు గొళ్లెం పెట్టి తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు. మీటరు చదివే ఆయన తాళం వైపు, వాళ్ల వైపు, మళ్లీ తాళం వైపు చూసి, మీట నొక్కాడు. మిషను కిర్రుమని చీటీ కక్కింది.

తమ్ముడు నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాడు. వాడి భుజం తగిలి హెడ్ గారికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే చీటీ అందుకుని, ఇంటి నంబరు చూశాడు, తేదీ చూశాడు, 'తలుపు తాళం' అన్నచోట అక్షరాలు కుదురుగా పడ్డాయో లేదో చూశాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు తియ్యరా," అన్నాడు తమ్ముడితో. "లోపల చొక్కా మాడిపోతోంది."